'లిబరల్' అంటే ఎవరు? పేరు మారలేదు, ఎదుటివాడు మారాడు

అమెరికాలో లిబరల్ అంటే పేదల సంక్షేమానికి ప్రభుత్వం ఖర్చు పెట్టాలనేవాడు. ఆస్ట్రేలియాలో అదే మాట పన్నులు తగ్గించాలనే పార్టీకి పేరు. తెలుగులోనూ ఈ చిక్కు ఉంది. వాక్‌స్వేచ్ఛ కోసం నిలబడేవాణ్ణి ఉదారవాది అంటాం. రాయితీలకు కోతపెట్టే విధానం నయా ఉదారవాదం అవుతుంది. వాడేవాళ్ల తప్పేం లేదు, ఆ మాట నడిచొచ్చిన దారే అలాంటిది.

నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించిన రోజుల్లో, 1810లో, కాదిజ్ రేవు పట్టణం దగ్గర అక్కడి పార్లమెంటు కొలువుతీరింది. రాజు అధికారానికి హద్దులుండాలి, పత్రికలకు స్వేచ్ఛ ఉండాలి అన్నవాళ్లకు 'లిబరల్' అన్న పేరు స్థిరపడింది. అవతలి పక్షాన్ని వాళ్లు 'సెర్విల్', అంటే దాస్యబుద్ధి గలవాళ్లు అన్నారు. అక్కడ ఎదురుగా ఉన్నది రాజు. కాబట్టి స్వేచ్ఛ అంటే ఏలేవాడి చెయ్యి కట్టెయ్యడమే. బ్రిటన్‌లో పందొమ్మిదో శతాబ్దపు ప్రధాని గ్లాడ్‌స్టన్ కాలపు లిబరల్ పార్టీ ఆ అర్థాన్నే వ్యాపారానికీ వర్తింపజేసింది: సుంకాలు తగ్గాలి, సర్కారు పొదుపుగా నడవాలి.

తర్వాత ఫ్యాక్టరీ కార్మికుడికి ఓటు వచ్చింది. అతని బతుకును బిగించి పట్టుకున్నది రాజు కాదు; ముసలితనం, జబ్బు, పనిలేని రోజులు. అదే లిబరల్ పార్టీ 1908లో వృద్ధాప్య పింఛన్లు తెచ్చింది, 1909లో సంపన్నులపై పన్నులు పెంచే బడ్జెట్ పెట్టింది, 1911లో కార్మికులకు బీమా కల్పించింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. స్వేచ్ఛ అన్న ఆదర్శాన్ని ఎవరూ వదులుకోలేదు, దానికి అడ్డెవరన్న లెక్క మారిందంతే.

1930లలో అమెరికాలో ఈ మాట కోసం పెనుగులాటే జరిగింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన సంక్షేమ కార్యక్రమానికి లిబరల్ అన్న పేరు పెట్టుకున్నాడు. అసలైన లిబరలిజం తనదేనని మాజీ అధ్యక్షుడు హూవర్ వాదించాడు. పాత అర్థం ప్రకారం హూవర్ మాటలో నిజముంది. కానీ జనం నోట రూజ్‌వెల్ట్ అర్థమే నిలిచింది. ఆస్ట్రేలియాలో 1944లో రాజకీయ నాయకుడు మెంజీస్ చొరవతో లిబరల్ పార్టీ ఏర్పడేనాటికి దానికి ఎదురుగా ఉన్నది కార్మికుల పక్షమైన లేబర్ పార్టీ. అందుకే అక్కడ ఆ పేరు కుడివైపు చేరింది.

కుడి ఎడమల సంగతీ అంతే. 1789లో ఫ్రాన్స్‌లోని వేర్సాయ్ సభలో రాజుకు వీటో, అంటే చట్టాలను అడ్డుకునే అధికారం, ఉండాలన్నవాళ్లు సభాధ్యక్షుడి కుడిచేతి వైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు చేరారు. డెన్మార్క్‌లో 1870లో రైతుల పార్టీ ఒకటి 'వెన్‌స్ట్రె', అంటే 'ఎడమ' అన్న పేరుతో పుట్టింది. భూస్వాముల, రాచరికపు పక్షం పేరు 'కుడి'. ఆ తర్వాత కార్మికుల పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లు ఎదిగి ఎడమ పక్కను ఆక్రమించడంతో వెన్‌స్ట్రె పేరు మార్చుకోకుండానే కుడికి జరిగింది. 2001 నుంచి 2011 దాకా ఆ 'ఎడమ' పార్టీ, ఒకనాటి 'కుడి'కి వారసులైన కన్సర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వం నడిపింది.