“పవర్ ఎక్కువుండేది ఇయ్యన్నా”: యాంటీబయాటిక్‌ల మీద అపోహలు, వాస్తవాలు

“అన్నా, పోయినసారి మాత్ర పని చేయలేదు, పవర్ ఎక్కువుండేది ఇయ్యి.” అనంతపురంలో మా మెడికల్ షాపులో ఈ మాట వినని రోజు లేదు. మొన్న కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామె వచ్చింది. పిల్లోడికి మూడు రోజులుగా జలుబు, జ్వరం. ఊళ్లో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ తాపించారంట, తగ్గలేదు, ఇప్పుడు సెఫిక్సిమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ కావాలంది.

అపోహ: తగ్గలేదంటే మందులో పవర్ చాలలేదు.

కాదు. జలుబు వైరస్‌తో వస్తుంది, యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. ఆ జ్వరం మామూలుగా నాలుగైదు రోజుల్లో దానంతటదే దిగుతుంది. మూడో రోజు మందు మారుస్తారు, ఐదో రోజు జ్వరం పోతుంది, పేరు మాత్రం రెండో మందుకు వస్తుంది. వచ్చేసారి నేరుగా అదే అడుగుతారు. ఈలోపు పిల్లోడి పేగుల్లో తేలిగ్గా చచ్చే బ్యాక్టీరియా చచ్చి, లొంగనిది మిగిలి పెరుగుతుంది. రాత్రంతా కాలిపోయే బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి భయం నాకు తెలుసు. బరువును బట్టి పారాసిటమాల్ ఇచ్చి, డొక్కలెగరేస్తున్నా, నీళ్లు తాగకపోయినా, మత్తుగా పడున్నా వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి పొమ్మని చెప్పాను. నా కోపం ఆమె మీద కాదు, “సెఫిక్సిమ్ వేస్తే ఒక్క పూటలో దిగుతుంది” అని ఊరంతా చెప్పేవాళ్ల మీద. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద గట్టి నిబంధన ఉన్న జాబితాలోది. 2014 మార్చి నుంచి డాక్టర్ చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకునే ఇవ్వాలి. చీటీ అడిగితే దయచేసి విసుక్కోకండి.

అపోహ: మందులకు ఒళ్లు అలవాటు పడుతుంది, నేను వాడను కాబట్టి నాకేం కాదు.

అలవాటు పడేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా, అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. రెండేళ్ల కిందట మా నాయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు నేనే తెచ్చాను. నేను రోజూ అమ్మే మాత్రల పేర్ల పక్కన వరుసగా ‘ఆర్’, ‘ఆర్’, ‘ఆర్’. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని. చేతులు వణికాయి. చివరికి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లతో పది రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డాడు.

చౌక మందంటే నాసిరకం అనేది ఇంకొకటి. నాసిరకం మందులు లేవని అనను. మనలాంటి దేశాల్లో పదింటిలో ఒకటి నాసిరకమో నకిలీయో అని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కానీ ధర చూస్తే అది తెలియదు. జన ఔషధి మాత్రకైనా పెద్ద బ్రాండ్‌కైనా ప్రమాణం ఒకటే. బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కనిపించని ముక్క స్ట్రిప్పు వద్దనండి.

మంచి మందును మనమే పాడు చేస్తాం, అదీ చూసుకోండి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో బండి డిక్కీలో పెట్టిన అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటి యాంటీబయాటిక్ సత్తువ తగ్గిపోతుంది. తగ్గిన మందు పామును సగం కొట్టి వదిలినట్టే, బ్యాక్టీరియా చావదు. మాత్రలు పసుపు మచ్చలు పడో, ఉబ్బో కనిపిస్తే వేసుకోకండి. అలాంటి స్ట్రిప్పు ఇంట్లో ఉంటే షాపుకు పట్టుకురండి, చూసి చెప్తాను.