మాయా గుడులకు వెళ్లేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు: అపోహలు, వాస్తవాలు

మెక్సికోలోని కాంకూన్‌లో గ్రూపు బస్సెక్కగానే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఏవండీ, ఈ మాయా వాళ్లు మన మయుడి సంతతేనటగా?" అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలను అక్కడి యూకటాన్ ద్వీపకల్పంలో, ప్రాచీన మాయా జనం కట్టిన గుడుల శిథిలాలకు తీసుకెళ్లడం నా పని. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అపోహ: మయసభ కట్టిన మయుడి వంశమే మాయా.
పేర్లు కలిశాయి, అంతే. 'మాయా' అన్న మాట అక్కడి మాయాపాన్ నగరం పేరుతో ముడిపడింది, సంస్కృతంతో కాదు. వాళ్లు రాళ్ల మీద చెక్కిన లిపిని చదవడానికి 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజోవ్ దారి చూపాడు. ఇప్పుడు ఆ రాళ్లే రాజుల కథ చెబుతున్నాయి. పలెంకే అనే మాయా నగరంలో పకాల్ అనే రాజు 615లో, పన్నెండేళ్లకే గద్దెనెక్కి 683లో చనిపోయేదాకా ఏలాడు. అతని సమాధి మూత మీది బొమ్మ చూపించి 'రాకెట్ నడుపుతున్నాడు' అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఆ రాజు కింద ఉన్నది పాతాళం, పైన ఉన్నది వాళ్ల విశ్వవృక్షం. రాకెట్ లేదు, పొగా లేదు.

అపోహ: మాయా జనం రాత్రికి రాత్రి మాయమైపోయారు.
నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. తికాల్ లాంటి దక్షిణాది నగరాలు 9వ శతాబ్దంలో పాడుబడ్డ మాట నిజమే. కానీ ఉత్తరాన చిచెన్ ఇట్సా ఆ కాలంలోనే వెలిగింది. చివరి మాయా రాజ్యం స్పెయిన్ చేతికి చిక్కింది 1697లో. ఇవాళ్టికీ దాదాపు 30 మాయా భాషలు లక్షలాది ఇళ్లలో వినిపిస్తున్నాయి. చిచెన్ ఇట్సా దారి పక్కన చెక్క ముసుగులు అమ్మే ఆయన పక్క కొట్టు ఆవిడతో మాట్లాడుతుంటే మనవాళ్లు స్పానిష్ అనుకుంటారు. చాలాసార్లు అది మాయా! బేరం తెగాక "దియోస్ బోటిక్" అనండి, ధన్యవాదాలని అర్థం. ఆ ముఖం ఎలా విప్పారుతుందో చూడండి.

అపోహ: పిరమిడ్ ఎక్కి ఫొటో దిగొచ్చు.
చిచెన్ ఇట్సాలో 2006 నుంచి ఎక్కనివ్వడం లేదు. నాలుగు వైపులా, ఒక్కో వైపు 91 మెట్లు, పైన అరుగు కలిపితే 365; కింద నిలబడే లెక్కపెట్టుకోవాలి. మెట్లకు ఎదురుగా చప్పట్లు కొడితే పక్షి కూతలా ప్రతిధ్వనిస్తుంది, అది మాత్రం వదులుకోకండి. ఎక్కి తీరాలంటే గ్వాటెమాలాలోని తికాల్‌కి వెళ్లండి. అక్కడ నాలుగో గుడికి చెక్క మెట్లున్నాయి. పైనుంచి చూస్తే అడవి మీద గుడుల శిఖరాలు తేలుతున్నట్టుంటాయి.

అపోహ: పాము నీడ మార్చి 21నే కనిపిస్తుంది.
చిచెన్ ఇట్సా పిరమిడ్ మెట్ల పక్కన పాము దిగుతున్నట్టు పడే ఎండనీడల ఆట ఇది. అటూ ఇటూ కొన్ని రోజులు కనిపిస్తుంది. ఆ ఒక్క రోజు జాతర.

అపోహ: కాంకూన్ నుంచి ఎప్పుడు బయల్దేరినా ఒకటే.
చిచెన్ ఇట్సాకి సుమారు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. పైగా కాంకూన్ గడియారం అక్కడికన్నా గంట ముందుంటుంది. తెల్లవారుజామున ఆరున్నరకి కదిలితే అక్కడి టైము ఎనిమిదికి, గేటు తీసే వేళకి ఉంటారు. పదిన్నర దాటాక ఎండా, టూరు బస్సులూ కలిసి వస్తాయి. టికెట్లు రెండు కొనాలి, ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. ఆదివారం స్థానికులకు ఉచితం, ఆ రోజు నేనైతే తీసుకెళ్లను.

అపోహ: బీన్స్ కాబట్టి శాకాహారమే.
చాలాచోట్ల వాటిని పంది కొవ్వులో వేయిస్తారు. ఆర్డరిచ్చే ముందు "సిన్ మాంటెకా?" (పంది కొవ్వు లేకుండానా?) అని అడగండి.