పియానో గాంధారం మీద ఐదు వందల ఏళ్ల తగువు

వెస్ట్ మాంబళంలో మా అమ్మాయికి పాట నేర్పే టీచర్ గారు మొన్నొక రోజు గీతం మధ్యలో ఆపించి, "ఏమ్మా, ఇంట్లో కీబోర్డు వాయించుకుంటూ సాధన చేస్తున్నావా?" అని అడిగారు. చేస్తోంది. గ్రేడ్ పరీక్ష కోసం కొన్న డిజిటల్ పియానో ఇంట్లో ఉంది కదా అని, తంబూరా పెట్టుకోవడం మానేసి, మోహన రాగం గీతాన్ని దాని మెట్లు నొక్కుకుంటూ పాడుతోంది. "గాంధారం పైకి పోతోంది. తంబూరాలో కలవట్లేదు, విను" అన్నారావిడ. ఇంటికొచ్చే దారంతా అమ్మాయిది ఒకటే ప్రశ్న: "తప్పు నాదా అమ్మా, పియానోదా?"

ఎవరిదీ కాదు. పియానో ఎలా పలకాలని తయారుచేశారో అలాగే పలుకుతోంది. టీచర్ గారి చెవి కూడా సరిగ్గానే విన్నది. మధ్యలో ఉన్నది చాలా పాత తగువు. దాని చరిత్ర తెలియకపోవడం వల్ల మన ఇళ్లలో పిల్లలు అనవసరంగా టెన్షన్ పడుతున్నారని నాకు అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

తంబూరా మీటి కాసేపు చెవి ఒగ్గితే షడ్జం, అంటే స, ఒక్కటే వినపడదు. మంద్ర షడ్జం తీగలోంచి అంతర గాంధారం, అంటే మోహనలో పాడే గ, దానంతటదే పైకి తేలుతుంది. స్వయంభూ గాంధారం అంటారు దాన్ని. స్థాయి సర్దుకుని చూస్తే అది షడ్జానికి సరిగ్గా 5/4 వంతు. మా అమ్మాయిది ఐదు శ్రుతి, అంటే పియానో మీద జి. అక్కడ షడ్జం 196 హెర్ట్జ్ అనుకుంటే ఆ గాంధారం 245 ఉండాలి. పియానో మీద ఆ గాంధారం మెట్టు దాదాపు 247 పలుకుతుంది. రెండు హెర్ట్జ్‌లే కదా అనిపిస్తుంది. కానీ స, గ మెట్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే ఆ శబ్దం నిలకడగా ఉండదు. సెకనుకు ఎనిమిది సార్లు చొప్పున సన్నగా అలలాగా ఊగుతుంది. తంబూరాకు అలవాటైన చెవి ఆ ఊపును పట్టేస్తుంది.

ఈ తేడాలను కొలవడానికి 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లండ్ పండితుడు సెంటు అనే కొలతను ప్రచారంలోకి తెచ్చారు. మనకు సెంటంటే ఎకరంలో నూరో వంతు. ఇక్కడ కూడా నూరో వంతే, పియానో మీద ఒక మెట్టుకూ దాని పక్క మెట్టుకూ ఉన్న దూరంలో. ఒక స్థాయి, అంటే స నుంచి పై స దాకా, మొత్తం 1200 సెంట్లు. పియానో గాంధారం 400 దగ్గర ఉంటే, తంబూరాలో పుట్టేది 386 దగ్గర ఉంటుంది. పద్నాలుగు సెంట్ల తేడా.

మరి పియానో తయారుచేసినవాళ్లు 386 దగ్గరే ఎందుకు పెట్టలేదు? దీనికి పంచమం, అంటే ప, దగ్గర మొదలుపెట్టాలి. షడ్జానికి పంచమం 3/2 వంతు. ఆ పంచమాన్నే షడ్జం చేసుకుని దాని పంచమం, మళ్లీ దాని పంచమం, ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిలు దాటి మొదటి షడ్జం మీదే దిగాలి. దిగదు. ఏడు స్థాయిల పైన షడ్జం 128 రెట్లు ఉంటే, మనం చేరేది దాదాపు 129.75 రెట్ల దగ్గర. ఇరవై మూడున్నర సెంట్లు మిగిలిపోతాయి.

పంచాంగం చూసేవాళ్లకు ఈ చిక్కు తెలిసిందే. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులు, సూర్యమానం ప్రకారం ఏడాది 365 రోజులు. మిగిలిన పదకొండు రోజులను పోగేసి సుమారు మూడేళ్లకోసారి అధికమాసంగా ఒకచోట పెడతాం. పాశ్చాత్య సంగీతంలో టెంపరమెంట్ల, అంటే శ్రుతి సర్దుబాటు పద్ధతుల, చరిత్రంతా ఈ మిగులును ఎక్కడ పెట్టాలన్న దాని మీద నడిచిందే.

పైథాగరస్ పేరు మీద చలామణి అయిన పద్ధతిలో పదకొండు పంచమాలను స్వచ్ఛంగా ఉంచి, భారమంతా పన్నెండోదాని మీద వేశారు. అందులో గాంధారం 408 సెంట్లు, ఇప్పటి పియానో కంటే ఇంకా ఎక్కువ. స, గ, ప కలిపి ఒకేసారి పలికించడం పెరిగేకొద్దీ యూరప్ చెవులకు అది కరుకుగా తోచింది. 1523లో ఇటలీలో పియెట్రో ఆరన్ రాసిపెట్టిన మీన్‌టోన్ పద్ధతి ఎదురు దారి పట్టింది. ప్రతి పంచమాన్నీ ఐదు సెంట్లకు కాస్త పైగా తగ్గిస్తే గాంధారం సరిగ్గా 386 దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. కానీ మిగిలిపోయిన ఒక్క పంచమం 738 సెంట్లకు సాగిపోతుంది. అది ఊళపెడుతున్నట్టు ఉంటుందని దానికి తోడేలు అని పేరు పెట్టారు. ఆ తోడేలున్న శ్రుతుల వైపు వాయిద్యగాళ్లు వెళ్లేవారు కారు.

తీగ కింద అడ్డంగా మెట్లుండే వాయిద్యాలకు ఈ బాధ ఇంకో రకం. ఒకే మెట్టు అన్ని తీగలకూ పనికి రావాలి. ల్యూట్ వాయించే విన్సెంజో గలిలీ, అంటే ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి, 1581లో మెట్ల మధ్య 18:17 నిష్పత్తి సూచించారు. అంటే 99 సెంట్లు, దాదాపు సమాన దూరం. మరో మూడేళ్లకు, 1584లో, చైనాలో మింగ్ రాజవంశీకుడు జు జాయ్‌యూ పన్నెండు సమాన భాగాలను లెక్కకట్టి కచ్చితంగా తేల్చారు.

సరిగ్గా ఈ కాలంలోనే దక్షిణాదిలోనూ వాయిద్యాల మెట్ల గురించి ఆలోచన సాగింది. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణ మెట్ల అమరిక చర్చించారు. ఇరవై నాలుగు మెట్ల వీణ ఘనతను సంప్రదాయం తంజావూరు రఘునాథ నాయకుడికి ఇస్తుంది. తెలుగులో కావ్యాలు రాసిన రాజాయన. ఆ ఆస్థానంలో మంత్రిగా ఉన్న గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి పన్నెండు స్వరస్థానాల మీద 72 మేళాలు, అంటే మూల రాగాలు, కట్టారు. అయితే మనవాళ్ల మెట్లు మైనంలో కూర్చున్నాయి. చెవి ఒప్పుకోకపోతే జరిపి మళ్లీ కూర్చోబెట్టవచ్చు. వాయించేటప్పుడు తీగ లాగి స్వరాన్ని మెట్టు మీంచి ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపోవచ్చు. పియానోకు ఈ రెండు వెసులుబాట్లూ లేవు.

యూరప్‌లో మధ్యేమార్గం 1691లో ఆండ్రియాస్ వెర్క్‌మైస్టర్ పుస్తకంతో బలపడింది. తోడేలును చంపి, దాని భారాన్ని కొన్ని పంచమాలకే పంచారు. అన్ని శ్రుతుల్లోనూ వాయించవచ్చు, కానీ ఒక్కో శ్రుతికీ ఒక్కో రంగు ఉంటుంది. 1722లో జర్మన్ స్వరకర్త బాఖ్ ఇరవై నాలుగు శ్రుతుల్లోనూ రచనలు చేసి పెట్టిన పేరు మంచిగా సర్దిన వాయిద్యం అని మాత్రమే చెబుతుంది, సమానంగా సర్దినది అని కాదు. ఆ సర్దుబాటు ఏదో ఆయన రాసిపెట్టలేదు. బాఖ్ ఈక్వల్ టెంపరమెంట్ కోసమే రాశారని ఇప్పటికీ పాఠాల్లో చెబుతుంటారు. ఆ మాట మానేయాలి. ఈక్వల్ గట్టిగా నిలదొక్కుకున్నది 19వ శతాబ్దంలో, ఫ్యాక్టరీల పియానోలతో పాటు. మిగులును పన్నెండు పంచమాలకూ తలా రెండు సెంట్లు పంచేశారు. పంచమం దాదాపు క్షేమం. నష్టపోయింది గాంధారం.

మన దగ్గర ఈ తగువు హార్మోనియం మీద నడిచింది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ దానికి పేటెంట్ తీసుకున్నారు. మౌంట్ రోడ్డులో ఇప్పటికీ ఉన్న వాయిద్యాల దుకాణం మ్యూసీ మ్యూజికల్ కూడా మిస్క్విత్ కంపెనీగా ఆ ఏడాదే మొదలైంది. ఆ శతాబ్దం చివరికి చేత్తో తిత్తి ఊదే హార్మోనియం కలకత్తాలో తయారై దేశమంతా పాకింది. మన పద్యనాటకం దాన్ని ఒడిలో పెట్టుకుంది. ఆ తర్వాత కోడంబాక్కంలో తెలుగు సినిమా పాటకు బాణీలు కట్టింది కూడా చాలామటుకు దాని మీదే. పండితులు మాత్రం ఊరుకోలేదు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ 1938లో దానికి వ్యతిరేకంగా రాశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా వద్దన్నారు. 1940 మార్చి నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు.

ఆ గొడవలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయాయి. ఒకటి, స్వరస్థానం పద్నాలుగు సెంట్లు పక్కన ఉందని. రెండోది, మెట్ల వాయిద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం, కుదరదని. తోడి రాగం గాంధారానికి అసలు ఒకచోట నిలబడే స్వభావమే లేదు. దాన్ని ఏ మెట్టు మీద ఎంత సరిచేసి పెట్టినా తోడి రాదు. పాలకొల్లు నుంచి మద్రాసు వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ మెట్ల వాయిద్యం మీదే కర్ణాటక సంగీతం పలికించారంటే, తీగను లాగి గమకం తెచ్చుకోగలిగారు కాబట్టి. పియానోలో తీగ చేతికి అందదు.

మొదటి ఫిర్యాదుకు మాత్రం డిజిటల్ పియానోలో జవాబుంది. తీగల పియానోకు రెండు వందలకు పైగా తీగలుంటాయి. టెంపరమెంట్ మార్చాలంటే మనిషిని పిలిపించి గంటలకొద్దీ బిగించాలి. చెన్నై ఉక్కకు అది మళ్లీ కదిలిపోతుంది. డిజిటల్‌లో శ్రుతి ఒక అంకెల పట్టిక. 1980ల చివరికి సింథసైజర్లలో ఆ పట్టిక మార్చుకునే వీలు వచ్చింది. 1992లో ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతిలోనే దానికి ప్రమాణం ఏర్పడింది. ఈ రోజు యమహా పియానోలు చాలావాటిలో ఈక్వల్, ప్యూర్ మేజర్, ప్యూర్ మైనర్, పైథాగరియన్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్ అని వరసగా ఉంటాయి. ఐదు వందల ఏళ్ల వాదప్రతివాదాలు మెనూలో ఏడు పేర్లయి కూర్చున్నాయి.

మేమూ ఆ మెనూలోకి దిగి ప్యూర్ మేజర్ పెట్టాం. స, గ కలిపి నొక్కితే ఊపు ఆగిపోయింది. అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. గీతం అందుకుని రెండో ఆవర్తనంలోనే ఆగిపోయింది. "అమ్మా, ఇప్పుడు రి దిగిపోయింది."

నిజమే. ప్యూర్ మేజర్ ఏ స్వరం నుంచి లెక్కపెట్టాలో పియానోకు చెప్పాలి. మేం చెప్పలేదు కాబట్టి అది సి నుంచి లెక్కపెట్టుకుంది. అప్పుడు జి, ఏ మెట్ల మధ్య దూరం 182 సెంట్లే. మోహనలో పాడే రి, అంటే చతుశ్శ్రుతి రిషభానికి, పంచమాల దారిలో వచ్చేది 204. పద్నాలుగు సెంట్ల తప్పు దిద్దబోయి ఇరవై రెండు సెంట్ల తప్పు తెచ్చుకున్నాం. రూట్ అన్నచోట జి అని మార్చాక రిషభం, గాంధారం రెండూ తంబూరాలో కలిసిపోయాయి.

ఆ సెట్టింగ్‌లోనే గ్రేడ్ పీస్ మొదలుపెడితే ఏ, ఇ కలిసే స్వరాల గుంపు దగ్గర తోడేలు వినిపించింది. అక్కడ పంచమం 680 సెంట్లే. మా మోడల్‌లో ఇలాంటి సెట్టింగ్‌లు దాచుకునే బటన్లున్నాయి. మొదటిదానికి ఈక్వల్, రెండోదానికి జి మీద ప్యూర్ మేజర్ పెట్టి, వాటి పక్కన "గ్రేడ్", "పాట" అని చిన్న స్టిక్కర్లు అంటించింది అమ్మాయి. మర్నాడు టీచర్ గారికి విషయమంతా చెబితే శ్రద్ధగా విన్నారు. రెండో బటన్ నొక్కినప్పుడు కూడా తంబూరా ఆపొద్దన్నారు.