పాత గాజు మీద రంగులు ఎలా పుడతాయి, ఎలా పుట్టిస్తారు

ఈమధ్య ఒక పాఠకురాలు ఆన్‌లైన్ వేలంలో తనకు నచ్చిన చిన్న సీసా ఫొటోలు మూడు పంపారు. బొటనవేలంత బుడ్డి, సన్నటి మెడ, ఒంటినిండా నెమలికంఠం రంగులు. కింద "రోమన్, క్రీ.శ. 1–3 శతాబ్దాలు, కన్నీటి సీసా" అని రాసి ఉంది. "చూస్తే వదలబుద్ధి కావడం లేదు. నకిలీదైతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఆ రంగులే రుజువు అంటున్నాడు అమ్మేవాడు, నిజమేనా?" అని ఆవిడ అడిగారు.

ముందు ఆ కన్నీటి సంగతి. చనిపోయినవారి బంధువులు తమ కన్నీళ్లు ఇలాంటి బుడ్డిలో పట్టి సమాధిలో పెట్టేవారని ఒక నమ్మకం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. వినడానికి గుండె కరిగేలా ఉంటుంది గానీ, ఇవి అత్తరు, సుగంధ తైలాలు పోసుకున్న సీసాలు. సమాధుల్లో పెట్టడం మాత్రం నిజం. మూత వేసిన గదిలో కదలకుండా ఉండబట్టే ఇన్ని వందల ఏళ్లు పగలకుండా మిగిలాయి. అమ్మేవాడు కన్నీటి కథ చెప్పినంత మాత్రాన సరుకు నకిలీ అయిపోదు. అతని మాట మీద ఎంత ఆధారపడొచ్చో మాత్రం తెలుస్తుంది.

ఇక రంగులు. రంగులు ఉండటం రుజువు కాదు. అవి పుట్టిన తీరు మాత్రం చాలావరకు రుజువే. మట్టిలో గాజుకు ఏమవుతుందో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. నాకు ఇంతకంటే ఇష్టమైన రసాయన కథ ఇంకొకటి లేదు.

రోమన్ గాజు అంటే ఇసుక, నేట్రాన్ కలిపి కరిగించినది. నేట్రాన్ అనేది ఈజిప్టులో వాదీ ఎల్ నట్రూన్ సరస్సుల దగ్గర దొరికే సోడా ఖనిజం. సుమారు 70 శాతం సిలికా, 16–18 శాతం సోడియం ఆక్సైడ్, 7–8 శాతం సున్నం. సిలికా గట్టిగా అల్లుకుని ఉంటుంది. సోడియం ఆ అల్లిక సందుల్లో వదులుగా కూర్చుని ఉంటుంది. తడి మట్టిలో నీరు తగిలితే నీటిలోని హైడ్రోజన్ అయాన్లు లోపలికి వెళ్తాయి, సోడియం అయాన్లు బయటికి వచ్చేస్తాయి. ఇలా సోడియం పోయిన చోట గుల్లబారిన సిలికా పొర మిగులుతుంది. బయటికొచ్చిన సోడియం వల్ల చుట్టూ నిలిచిన నీరు క్షారంగా మారుతుంది. పీహెచ్ 9 దాటితే సిలికా అల్లికే కరగడం మొదలవుతుంది. కరిగినది మళ్లీ పేరుకుంటుంది, నీరు మారుతుంది, కథ మొదటికొస్తుంది. ఒకసారి చిక్కగా, ఒకసారి పలచగా, ఉల్లిపాయ రేకుల్లా పొర మీద పొర వస్తుంది. ఒక్కో పొర మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొంత భాగం నుంచి కొన్ని మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే కాంతి తరంగాల కొలతకు దగ్గర.

కాంతి పడినప్పుడు ప్రతి పొర పైముఖం నుంచీ కిందిముఖం నుంచీ కొంత కొంత వెనక్కి వస్తుంది. ఆ తరంగాలు శిఖరానికి శిఖరం కలిస్తే ఆ రంగు వెలుగుతుంది, శిఖరానికి లోయ కలిస్తే ఆరిపోతుంది. బడిలో వ్యతికరణం అని చదువుకున్నది ఇదే. సబ్బు బుడగలోనూ నెమలి ఈకలోనూ జరిగేదీ ఇదే. ఇటలీలో అక్విలేయా దగ్గర దొరికిన రోమన్ గాజు పెంకును పరిశీలించిన శాస్త్రవేత్తలు, దాని పొరలు ఫోటానిక్ స్ఫటికంలా, అంటే కొన్ని రంగులనే ఎంచి వెనక్కి పంపేలా క్రమంగా, అమరి ఉన్నాయని 2023లో ప్రకటించారు. ఈరోజు ప్రయోగశాలలో కష్టపడి చేసే అమరికను మట్టి, వాన కలిసి తీరిగ్గా చేశాయన్నమాట!

ఇప్పుడు అసలు కీలకం. ఎండిన పాత గాజులో సిలికా పొరల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. సిలికా వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.45, గాలిది 1. ఒక్కో ముఖం నుంచి వెనక్కొచ్చే కాంతి ఎంతో లెక్కవేయడం తేలిక: రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి వర్గం చేయాలి. 0.45ను 2.45తో భాగించి వర్గం చేస్తే 3.4 శాతం. సందుల్లోకి నీరు చేరితే గాలి స్థానంలో 1.33 వస్తుంది. తేడా 0.12, మొత్తం 2.78, జవాబు 0.2 శాతం కూడా లేదు. వెనక్కొచ్చే కాంతి దాదాపు 18వ వంతుకు పడిపోతుంది. అందుకే తడిస్తే పాత గాజు మీద రంగులు వెలవెలబోతాయి, ఆరితే తిరిగొస్తాయి.

కొత్త గాజు మీద రంగులు తెప్పించే పద్ధతి వేరు. వేడి గాజుకు తగరపు క్లోరైడ్ ఆవిరి పట్టిస్తే పైన తగరపు ఆక్సైడ్ పొర అంటుకుంటుంది. 1890లలో అమెరికాలో గాజు కళాకారుడు టిఫనీ ఇలా లోహ లవణాలతోనే అందమైన గాజు చేయించారు. అది నిజాయితీ గల కళ, మోసం కాదు. ఆ ఆక్సైడ్ గుణకం సుమారు 2. పొడిగా ఉంటే పైముఖం నుంచి 11 శాతం వెనక్కొస్తుంది, తడిపినా 4 శాతం వస్తుంది. కింద గాజుకు అంటుకున్న ముఖం నుంచి వచ్చే 2 శాతం మారనే మారదు. గాలి సందులు లేవు కాబట్టి నీరు దూరడానికి చోటు లేదు. రంగు తగ్గుతుంది గానీ మాయం కాదు. అయితే ఇంటికి తెచ్చిన సీసా మీద ఈ తడిపి చూసే ప్రయోగం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. పొరలు పెళుసుగా ఉంటాయి, తడికి లేచి ఊడిపోతాయి.

నాసిరకం నకిలీల్లో అభ్రకం పొడిని, మనం కాకిబంగారం అనేదాన్ని, జిగురుతో అంటిస్తారు. దాన్ని పట్టుకోవడానికి భూతద్దం చాలు. అసలు పొర గాజులో నుంచే పుట్టింది, కాబట్టి రేకు ఊడిన చోట కింద గాజు గుంటలు పడి, మసకగా ఉంటుంది. అంటించిన పొర ఊడితే కింద నున్నటి కొత్త గాజు బయటపడుతుంది. అసలుదానిలో మట్టి రేకుల కిందికి కూడా చేరి ఉంటుంది, నకిలీలో అంతటా ఒకేలా పైపైన పూసినట్టుంటుంది. అతినీలలోహిత దీపం కింద చాలా జిగుర్లు తెల్లగానో నీలంగానో మెరుస్తాయి. ఒక సీసా మెడను ఇంకో సీసా ఒంటికి అతికించినా అక్కడే దొరికిపోతుంది.

పొరలు లెక్కపెట్టి వయసు చెప్పవచ్చా? చెట్టు వలయాల్లా ఏడాదికొక పొర అనే ఆలోచనను 1961లో కార్నింగ్ గాజు మ్యూజియం శాస్త్రవేత్త రాబర్ట్ బ్రిల్, హుడ్‌తో కలిసి ప్రతిపాదించారు. ఎంత అందమైన ఆలోచన! అది నిలవలేదు. పొరల సంఖ్య తేమను, గాజు కూర్పును బట్టి మారుతుంది. తడి నేలలో వందేళ్లు పడున్న మామూలు మందు సీసాకూ రంగులు వస్తాయి. పొడి సమాధిలోని రోమన్ సీసా రంగులేవీ లేకుండా కొత్తదానిలా తళతళలాడుతూ ఉండవచ్చు.

రసాయన పరీక్షకూ హద్దుంది. నేట్రాన్ గాజులో మెగ్నీషియం, పొటాషియం ఆక్సైడ్లు ఒక్కొక్కటి సాధారణంగా 1.5 శాతం లోపే ఉంటాయి. 1817లో కనిపెట్టిన సెలీనియమో కాడ్మియమో రంగు కోసం కలిపినట్టు తేలితే ఇక చర్చ అక్కరలేదు. కానీ చేతిలో పట్టే ఎక్స్‌రే పరికరం పైపొరనే చూస్తుంది, సోడియంను సరిగా పట్టలేదు. పైగా ఎవరైనా అసలు రోమన్ పెంకులనే కరిగించి కొత్త సీసా ఊదితే కూర్పంతా అసలుదే వస్తుంది. కరిగించగానే పోయేది ఆ పొరలే. అందుకే నా నమ్మకం వాటి మీద.

"అడుగు మందంగా ఉంది, గాజు మెల్లగా కిందికి జారుతుంది కదా, కాబట్టి పాతదే" అనే వాదనను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. గాజు ద్రవమని ఇప్పటికీ కొన్ని తరగతి గదుల్లో చెబుతుంటే నాకు బాధేస్తుంది. మామూలు వేడిలో గాజు కంటికి కనబడేంత జారాలంటే విశ్వం వయసు కూడా చాలదని గాజు శాస్త్రవేత్త ఎడ్గార్ జనోటో 1998లో లెక్కవేసి చూపించారు. అడుగు మందం ఊదినవాడి చేతివాటం.

అసలుదే అయినా మరొక ప్రశ్న మిగులుతుంది: ఎక్కడి నుంచి వచ్చింది? ఉదాహరణకు, ఇజ్రాయెల్ 1978 చట్టం ప్రకారం 1700కు ముందు మనుషులు చేసిన వస్తువు పురావస్తువే. అమ్మడానికి లైసెన్సు, దేశం దాటించడానికి అనుమతి కావాలి. ఆ కాగితాలు చూపించని అమ్మకం సమాధి దోచినవారి సరుకు కావచ్చు.

పాఠకురాలు పంపిన మూడో ఫొటోలో సీసా భుజం దగ్గర చిటికెనవేలి గోరంత రేకు ఊడి ఉంది. కింద లేత నీలి ఆకుపచ్చ గాజు కనబడుతోంది గానీ, అది నున్నగా ఉందో గుంటలు పడి ఉందో తెలియడం లేదు. ఆ చోటికి దగ్గరగా, పక్క నుంచి దీపం కదిలిస్తూ తీసిన వీడియో ఒకటి, కాగితాల నకళ్లు ఒక జత అమ్మేవాణ్ణి అడగమని, అవి వచ్చేదాకా పాట పెంచవద్దని ఆవిడకు రాశాను.