పాలసీ ఉందిగా, ఇంక టెన్షన్ ఎందుకు? చిన్న వ్యాపారాల్లో అపోహలు - వాస్తవాలు

నేను బీమా సర్వేయర్‌ని. అగ్నిప్రమాదమో వరదో వచ్చాక నష్టం లెక్కకట్టడం నా పని. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు బురద ఆరని షెడ్లలో నిలబడి విన్న మాటలే ఇందులో ఎక్కువ.

అపోహ: పాలసీ 30 లక్షలకు ఉంది, నష్టం 20 లక్షలే. మొత్తం వచ్చేస్తుంది.

వాస్తవం: అక్కడున్న ఆస్తి అసలు విలువ 50 లక్షలైతే రాదు. మీరు బీమా చేయించింది 60 శాతానికే, కాబట్టి నష్టంలోనూ 60 శాతమే, అంటే 12 లక్షలే లెక్కలోకి వస్తుంది. మా వాళ్లు దీన్ని ‘యావరేజ్’ అంటారు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఒకే చోట 5 కోట్ల వరకు ఆస్తి ఉన్నవాళ్లకు, లఘు ఉద్యమ్ సురక్ష 5 నుంచి 50 కోట్ల వరకు ఉన్నవాళ్లకు. వీటిలో 15 శాతం వరకు తక్కువ పడినా పట్టించుకోరు. అది దాటితే కోతే.

ప్రీమియం మిగుల్చుకుందామని తక్కువకు చేయించారని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో అసలు దోషి బ్యాలెన్స్ షీట్. పదేళ్ల కిందట కొన్న మెషిన్ తరుగుదల పోను పుస్తకాల్లో 4 లక్షలు చూపిస్తుంది. ఆ అంకెనే పాలసీలో రాయిస్తారు. ఈ పాలసీల్లో మెషినరీకి లెక్క మాత్రం అలాంటి కొత్తది ఇవాళ కొనాలంటే ఎంతవుతుందన్నదే. సరుకుకి ఇంకో చిక్కు: పండగ సీజన్‌కి గోడౌన్ నిండిపోతుంది, పాలసీ మాత్రం ఆషాఢం నాటి స్టాక్ దగ్గరే ఉంటుంది.

అపోహ: లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్లే బీమా చేయించారు.

వాస్తవం: బ్యాంకు చూసుకునేది తన అప్పు. స్టాక్ తాకట్టు మీద అప్పు ఇస్తే స్టాక్‌కే బీమా ఉండొచ్చు, మెషిన్లు బయట మిగిలిపోతాయి. గోడౌన్ మారితే పాలసీలో చిరునామా దానంతటది మారదు. ఒకాయన సరుకంతా పక్క వీధిలోకి మార్చి రెండేళ్లయింది, పాలసీ ఇంకా పాత షట్టర్ పేరునే ఉంది. ఆయనకు ఏం చెప్పాలో నాకు నోరు పెగల్లేదు.

అపోహ: కంప్యూటర్, బిల్లులు మునిగిపోయాయి, క్లెయిమ్ పోయినట్టే.

వాస్తవం: ఇక్కడ మాత్రం భయం అనవసరం. మీకు సరుకు అమ్మినవాళ్లు వేసిన రిటర్న్‌లను బట్టి మీ కొనుగోళ్లు జీఎస్టీ పోర్టల్‌లో 2బీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ కూడా పనికొస్తుంది. అయితే బ్యాంకు అప్పు లిమిట్ కోసం అందులో స్టాక్ పెంచి రాసే అలవాటుంటే, ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది. ఇంకో మాట, సర్వేయర్ వచ్చేలోపు తడిసిన సరుకును చెత్తబండికి ఎక్కించకండి.

అపోహ: షాపు మూసి ఉన్న నెలల ఆదాయం కూడా ఇస్తారు.

వాస్తవం: ఇవ్వరు. దానికి వేరే కవర్ తీసుకోవాలి.

అపోహ: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంది, మా దగ్గర కొన్నవాళ్లు బాకీలు 45 రోజుల్లో చచ్చినట్టు కట్టాలి.

వాస్తవం: ఇది నా ఫీల్డ్ కాదు, కానీ ప్రతి షెడ్డులోనూ వినిపించే మాట. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే గరిష్ఠంగా 45 రోజులు. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు 3 రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ రక్షణ సూక్ష్మ, చిన్న తరహా యూనిట్లలో సరుకు తయారుచేసేవాళ్లకు, సేవలు అందించేవాళ్లకు. మధ్య తరహా వాళ్లకు లేదు. కొని అమ్మే వ్యాపారులకు 2021లో ఉద్యమ్ తలుపులు తెరిచింది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే, బాకీల వసూలుకు కాదు. సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించి గల్లాపెట్టె పైన తగిలించుకున్నా అంతే.