కంటోన్మెంట్‌లో సైకిల్ రైడ్: అపోహలు – వాస్తవాలు

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నేరేడ్‌మెట్ చౌరస్తాలో మా గ్రూపు కలుస్తుంది. పన్నెండేళ్లుగా సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల రైడ్‌లు నడిపిస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు టైరులో గాలి ఎంత ఉండాలి, హెల్మెట్ పట్టీ ఎంత బిగించాలి అని చెప్పడానికి పది నిమిషాలు చాలు. కంటోన్మెంట్ రోడ్ల గురించి వాళ్ల మనసులో ఉన్న తప్పుడు లెక్కలు సరిచేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. కొందరు భయపడి అసలు ఇటు రారు. కొందరు ధీమాగా వచ్చి ఇబ్బందుల్లో పడతారు. ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

అపోహ: కంటోన్మెంట్ అంటే మొత్తం మిలిటరీ ఏరియా, బయటివాళ్లు సైకిల్ తొక్కకూడదు.

సుమారు 40 చదరపు కిలోమీటర్ల ఈ కంటోన్మెంట్‌లో, 2011 జనాభా లెక్కల ప్రకారమే 2 లక్షల మందికి పైగా ఉన్నారు. కార్ఖానా, పికెట్, బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాల్లో బజార్లు, బడులు, గుళ్లు, మసీదులు, చర్చిలు, మామూలు కాలనీలు ఉన్నాయి. వీటి మంచిచెడ్డలు చూసేది కంటోన్మెంట్ బోర్డు. కంటోన్మెంట్ వేరు, దాని లోపల గోడ కట్టుకుని ఉన్న మిలిటరీ యూనిట్ వేరు. ఈ తేడా తెలియకపోతే మిగతావేవీ అర్థం కావు.

ఇక్కడి భూములు కాగితాల మీద తరగతులుగా ఉంటాయి. సైన్యం నేరుగా వాడుకునేది ఏ-1. దాని అజమాయిషీ సైనికాధికారులదే. బోర్డుకు దఖలైనది సీ తరగతి. పాత బంగళాలు చాలావరకు బీ-3. ఇవన్నీ జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో రాసి ఉంటాయి. రోడ్డు మీద మనకు ఒకే తారు కనబడుతుంది. ఒక మలుపు దాకా బోర్డు రోడ్డు, ఆ తర్వాత ఏ-1 భూమి మీద రోడ్డు అయి ఉండొచ్చు. సైన్యం ఇక్కడి రోడ్లను మూయడం మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న వాదనకు మూలం ఇక్కడే ఉంది. జనం తరతరాలుగా తిరిగిన దారి అంటారు, సైనికాధికారులు రక్షణ భూమి అంటారు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1806లో నిజాం సికందర్ జా పేరున సికింద్రాబాద్ వెలసినప్పుడు ఇది దండు దిగిన చోటు. ఊరు దాని చుట్టూ తర్వాత పెరిగింది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, యాప్రాల్ కాలనీలు నిండిపోయాక, ఒకప్పుడు జవాన్ల కోసం వేసిన రోడ్లే లక్షల మందికి ఊళ్లోకి వెళ్లే అడ్డదారులయ్యాయి. తప్పు ఎవరిదని అడిగితే నేను చెప్పలేను. ఇరుకు మాత్రం నిజం.

అపోహ: మ్యాప్‌లో చూపిస్తోంది కాబట్టి వెళ్లొచ్చు.

"అన్నా, ఫోన్‌లో నీలం గీత వస్తోంది కదా!" అని ప్రతి రైడ్‌లో ఒకరైనా అంటారు. ఫోన్‌కు రోడ్డు ఉందని తెలుసు, ఆ గేటు రాత్రి పూట మూస్తారని తెలియకపోవచ్చు. ఏఓసీ (సైన్యం ఆర్డినెన్స్ విభాగం) సెంటర్ మీదుగా మారేడ్‌పల్లి వైపు వెళ్లే దారులనే తీసుకోండి. కొన్నాళ్లు రాత్రి మాత్రమే మూశారు, కొన్నిసార్లు పూర్తిగా మూశారు, కోవిడ్ రోజుల్లో మరికొన్ని బంద్ అయ్యాయి. అలహాబాద్ గేట్ రోడ్డు, గఫ్ రోడ్డు, వెల్లింగ్టన్ రోడ్డు, రిచర్డ్‌సన్ రోడ్డు పేర్లు ఏళ్ల తరబడి పేపర్లలో వస్తూనే ఉన్నాయి. నిన్న తెరిచిన గేటు ఇవాళ తెరిచి ఉంటుందని పూచీ లేదు. అందుకే మా పద్ధతి ఇలా ఉంటుంది: ముందురోజు సాయంత్రం ఆ దారిలో ఇల్లున్న వాళ్లెవరినైనా అడుగుతాం, రైడ్‌కు రెండు రూట్లు పెట్టుకుంటాం. ఏఓసీ దారి లేకపోతే మల్కాజిగిరి నుంచి మెట్టుగూడ మీదుగా స్టేషన్ వైపు వెళ్తాం. బండ్ల రద్దీ ఎక్కువే, కానీ ఏ గేటూ ఉండదు.

అపోహ: సైకిలే కదా, ఎవరూ ఆపరు.

ఇది తప్పని నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట డిసెంబర్‌లో, ఇంకా చీకటిగా ఉండగానే ఒక గేటు దగ్గరికి ఎనిమిది మందిమి వెళ్లాం. ఇనుప బారికేడ్ రోడ్డుకు అడ్డంగా ఉంది. పక్కన సైకిల్ పట్టేంత సందు ఉంది. మా వాళ్లలో ఒకబ్బాయి ఆగకుండా ఆ సందులోంచి దూరాడు. వెంటనే "రుకో!" అని కేక. ఇసుక బస్తాల వెనక నుంచి సెంట్రీ రెండడుగులు ముందుకొచ్చాడు, చేతిలో ఆయుధం ఉంది. మహా అయితే ఇరవై రెండేళ్లుంటాయి. చలికి మఫ్లర్ చెవుల మీదుగా చుట్టుకున్నాడు. మా హెడ్‌లైట్ సూటిగా అతని కళ్లలో పడుతోంది. అతనికి మా ముఖాలు కనబడవు, మా హెల్మెట్లు, దూసుకొస్తున్న లైట్లు మాత్రమే కనబడతాయి. ఆ క్షణం అతని వైపు నుంచి ఆలోచిస్తే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అబ్బాయి బ్రేక్ వేసి కింద పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. ఆధార్ కార్డులు చూపించి, పేర్లు రాయించి, ముప్పావుగంట తర్వాత వెనక్కి తిరిగాం. ఆ సెంట్రీయే తన సీసాలో నీళ్లిచ్చి మోకాలు కడుక్కోమన్నాడు.

తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది. గేటుకు ముందు ఏం చేయాలో నేను చెప్పలేదు. అప్పటి నుంచి రైడ్ మొదలుకాక ముందే చెబుతున్నాను. గేటు కనబడగానే వేగం తగ్గించాలి. లైట్‌ను కిందికి వంచాలి. ఇరవై అడుగుల దూరంలోనే దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాలి. అందరూ ఒక్కసారిగా గేటు మీదికి పోకూడదు. రైడ్ నడిపించే లీడ్ ఒక్కరే వెళ్లి అడగాలి. గుర్తింపు కార్డు బ్యాగు అడుగున కాకుండా జెర్సీ జేబులో ఉండాలి. "జానే దేంగే క్యా, సాబ్?" అని అడిగితే చాలు. కాదంటే తిరిగి రావాలి.

వాదనకు దిగేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో ఏడో సెక్షన్ ఉంది. నిషేధిత స్థలం దగ్గర కాపలాలో ఉన్న సైనికుణ్ణి అడ్డుకోవడం, తెలిసి తెలిసి తప్పుదారి పట్టించడం దాని కింద నేరం. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. గేటు మూయాలని నిర్ణయించింది ఆ జవాను కాదు. అతనితో కొట్లాడి గెలిచేదేమీ ఉండదు.

అపోహ: గోడ బయట నిలబడి ఫోటో తీసుకుంటే తప్పేం లేదు.

శామీర్‌పేట చెరువుకు వెళ్లే రైడ్ అందరికీ ఇష్టం. సికింద్రాబాద్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద హకీంపేట వైమానిక స్థావరాన్ని దాటుకుని వెళ్లాలి. పైన శిక్షణ విమానం చప్పుడు వినగానే కొత్తవాళ్లు కాలు కింద పెట్టి ఫోన్ తీస్తారు. నేను అక్కడ ఆగనివ్వను. రక్షణ స్థావరాల ఫోటోలు, స్కెచ్‌లు తీసినవాళ్లు ఎందుకు తీశారో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మనసులో చెడు ఉద్దేశం లేకపోవచ్చు, కానీ అది నిరూపించుకునేది పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని. హెల్మెట్ కెమెరాలు కూడా అంతే. తిరుమలగిరి దాటకముందే ఆపేయమంటాను. డ్రోన్ అయితే ఇంటి దగ్గరే వదిలి రావాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లకు నిషేధం ఉన్న ప్రాంతంలో, ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

అపోహ: నా స్ట్రావా ట్రాక్ నాకు తప్ప ఎవరికీ పనికిరాదు.

స్ట్రావా అంటే మన రైడ్‌లు, పరుగులు రికార్డు చేసే యాప్. 2017 నవంబర్‌లో అది ప్రపంచవ్యాప్త హీట్‌మ్యాప్ విడుదల చేసింది. జనం పరుగెత్తిన, సైకిల్ తొక్కిన దారులన్నీ వెలుగు గీతలుగా కనబడే పటం అది. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఒక విద్యార్థి గమనించి చెప్పేదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సిరియా, అఫ్గానిస్తాన్ ఎడారి చీకట్లో అమెరికా సైనిక స్థావరాల ఆకారాలు, లోపల సైనికులు జాగింగ్ చేసే దారులు స్పష్టంగా వెలిగిపోతున్నాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ, యుద్ధ కార్యకలాపాలు జరిగే ప్రాంతాల్లో లొకేషన్ చూపే పరికరాలు, యాప్‌లు వాడొద్దని ఆదేశించింది.

మా గ్రూపులో మిలిటరీ కుటుంబాల వాళ్లు చాలామంది ఉన్నారు. క్వార్టర్స్ గుమ్మం దగ్గర రికార్డింగ్ మొదలుపెట్టి, మళ్లీ అదే గుమ్మం దగ్గర ఆపుతారు. వాళ్లకు నేను మూడు పనులు చెబుతాను. మొదలయ్యే, ముగిసే చోట్లు కనబడకుండా దాచండి. హీట్‌మ్యాప్‌లోకి మీ వివరాలు వెళ్లకుండా ఆపే సెట్టింగ్ ఉంది, వాడండి. కంటోన్మెంట్ రోడ్ల మీద సెగ్మెంట్లు, అంటే ఎవరు వేగంగా తొక్కారో యాప్ పోల్చి చూపే రోడ్డు ముక్కలు, సృష్టించకండి. సెగ్మెంట్ పెడితే, రికార్డు కోసం ఎవరో ఒకరు ప్రాణం పెట్టి తొక్కుతారు. ఆరున్నరకు అదే రోడ్డు మీద జవాన్లు మూడు వరసల్లో పీటీకి పరుగెత్తుతుంటారు. వాళ్లు ఎదురైతే మేం ఒకే వరసలోకి వచ్చి, బెల్ కొట్టకుండా, నిదానంగా పక్కనుంచి సాగుతాం. 1989 నాటి రోడ్డు నియమాల్లో, నడుస్తున్న సైనిక దళాన్ని దాటే మోటారు బండి గంటకు 25 కిలోమీటర్లు మించకూడదని ఉండేది. సైకిల్‌కు కూడా అది మంచి లెక్కే.

అపోహ: ఇప్పుడు సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చింది కదా, కంటోన్మెంట్ రోడ్లు ఎందుకు?

2023 అక్టోబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ బాగుంటుంది, నేనూ వెళ్లాను. అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. యాప్రాల్ వాసి అక్కడికి చేరాలంటే నగరం మొత్తం దాటాలి, అంటే సైకిల్‌ను కారు మీద కట్టుకుని వెళ్లాలి. పైగా సైకిల్ ఆదివారం సరదా కోసమే కాదు, పనికి వెళ్లడానికి కూడా.

అపోహ: సైన్యం తలుచుకుంటే ఏ రోడ్డైనా మూసేయొచ్చు, మనం చేయగలిగేది లేదు. లేదంటే: 2018లో అన్నీ తెరవమన్నారు కాబట్టి ఇక మూసే హక్కే లేదు.

రెండు మాటలూ తప్పే. 2006 కంటోన్మెంట్ల చట్టంలో 258వ సెక్షన్ ఉంది. బోర్డు ఒక వీధిని శాశ్వతంగా మూయాలంటే పై అధికారుల ముందస్తు అనుమతి ఉండాలి, భద్రతా కారణం ఉండాలి, అభ్యంతరాలు, సూచనలు కోరుతూ పబ్లిక్ నోటీసు ఇవ్వాలి. 2018 మే నెలలో రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్, దేశంలోని 62 కంటోన్మెంట్లలో పద్ధతి పాటించకుండా మూసిన రోడ్లను తెరవాలని నిర్ణయం ప్రకటించినప్పుడు ఆధారం ఈ సెక్షనే. చాలా గేట్లు తెరుచుకున్నాయి. మా గ్రూపు ఆ వారం చాలా ఏళ్ల తర్వాత కొన్ని దారుల్లో తొక్కింది, కొందరి కళ్లలో నీళ్లు చూశాను. కానీ భద్రతా కారణంతో, పద్ధతి ప్రకారం మూసే వీలు చట్టంలోనే ఉంది. సికింద్రాబాద్‌లో కొన్ని గేట్ల కథ ఆ తర్వాత కూడా సాగింది.

కాబట్టి మన పని గేటు దగ్గర లేదు, నోటీసు దగ్గర ఉంది. నోటీసు వస్తే గడువులోపు అభ్యంతరం రాసి ఇవ్వండి. మొదట్లో నేను రాసిన ఉత్తరాల్లో ఆరోగ్యం, పర్యావరణం, వారాంతపు రైడ్‌లు అంటూ రాసేవాణ్ణి. అవి బలహీనమైన ఉత్తరాలు. వారాంతపు రైడర్‌కు ఇంకో దారి ఉంటుంది, కారు కూడా ఉంటుంది.

ఒకసారి అభ్యంతరం రాసే ముందు మేం ముగ్గురం ఉదయం ఆరింటి నుంచి ఒక గేటు పక్కన నిలబడి వచ్చిపోయే సైకిళ్లను పుస్తకంలో రాసుకున్నాం. మాలాంటి జెర్సీ వాళ్లు ఎక్కడో ఒకరిద్దరు. మిగతావన్నీ క్యారియర్ మీద టిఫిన్ డబ్బా కట్టుకుని బంగళాల్లో తోటపనికి వెళ్లేవాళ్లవి, పేపర్ వేసే కుర్రాళ్లవి, హ్యాండిల్‌కు రెండువైపులా పాల సంచులు వేలాడేసుకున్న వాళ్లవి, చీర కొంగు నడుముకు దోపుకుని మారేడ్‌పల్లి ఇళ్లలో వంటకు వెళ్లే ఇద్దరు ఆడవాళ్లవి. వాళ్లలో ఒకామెను ఆపి అడిగాను: "అమ్మా, ఈ దారి మూస్తే ఎట్లా?" "మూస్తే ఇంకో గంట ముందు లేవాలె సార్. పిల్లకు జడ వేసేటోళ్లు ఉండరు" అంది, కాలు పెడల్ మీద నుంచి తీయకుండానే.

ఆ ఉత్తరంలో మొదటి పేరా మొత్తం తీసేసి, ఆ మాటతో మొదలుపెట్టాను.