తడి బట్టల్లో ఉండగానే అడిగే ప్రశ్న: "ఏ నామంలో ఇచ్చారు?"

పోయిన డిసెంబర్‌లో మా చర్చి తొట్టిలో ఒక చెల్లెమ్మకి బాప్తిస్మం ఇచ్చాను. పైకొచ్చి తువ్వాలు కప్పుకుని ఇంకా వణుకుతూనే ఉంది, వాళ్ల పిన్ని దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట, "ఏ నామంలో ఇచ్చారే?" ఆ పిల్లేమో "చెవుల్లోకి నీళ్లు పోయాయి పిన్నీ, వినపళ్లేదు" అంది. పిన్నిది వేరే సంఘం, వాళ్లు యేసు నామంలో మాత్రమే ఇస్తారు, మేం తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇస్తాం. ఆ రాత్రి పది దాటాక ఫోన్. "అయ్యగారూ, నాది చెల్లుతుందంటారా?"

ఒంగోలు చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా సేవలో ఉన్నాను, ఈ ఒక్క ప్రశ్న మీద వచ్చినన్ని ఫోన్లు పెళ్లి గొడవల మీద కూడా రాలేదు. నేను బాప్టిస్టుని, కొన్నిచోట్ల నా మొగ్గు కనపడుతుంది, ముందే చెప్పేస్తున్నా.

అపోహ: అపొస్తలులు యేసు నామంలోనే ఇచ్చారు. "తండ్రి కుమార పరిశుద్ధాత్మ" అన్నది తర్వాతెప్పుడో రోమా వాళ్లు కలిపింది.

ఈ మాట అనేవాళ్ల దగ్గర వాక్యం లేదని కాదు. అపొస్తలుల కార్యములు 2:38, 8:16, 10:48, 19:5 తీసి చూడండి, అన్నిచోట్లా యేసు పేరే ఉంటుంది. మత్తయి 28:19లో మాత్రం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. వాళ్ల వాదన ఏంటంటే ఆ మూడూ బిరుదులు, అసలు పేరు యేసు, అందుకే అక్కడ "నామములు" అనకుండా "నామము" అన్నారు అని. తమాషా ఏంటంటే అదే ఏకవచనాన్ని చూపించి మేం త్రిత్వం గురించి, అంటే ఆ ముగ్గురూ ఒకే దేవుడని, ప్రసంగం చేస్తాం.

కానీ "తర్వాత కలిపారు" అనే దగ్గరే చిక్కు. డిడాకే అని ఒక పాత సంఘ క్రమం ఉంది, మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాశారని ఎక్కువమంది పండితుల అంచనా. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడింది, 1883లో అచ్చయింది. దాని 7వ అధ్యాయంలో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోకి బాప్తిస్మం ఇమ్మని స్పష్టంగా ఉంది. రెండు అధ్యాయాలు దాటి 9లోకి వెళ్తే, ప్రభువు బల్లలో పాలుపొందాల్సింది "ప్రభువు నామంలోకి" బాప్తిస్మం పొందినవాళ్లే అని ఉంది. ఒకే పుస్తకం, రెండు మాటలు, గొడవేమీ లేదు! అంటే ఒకటి నీళ్లలో పలికేది, రెండోది ఆ బాప్తిస్మం ఎవరిదో చెప్పే తీరు అని నేను అర్థం చేసుకుంటాను. పైన చెప్పిన 19:5 దగ్గర, ఎఫెసులో పౌలు కలిసినవాళ్లు అప్పటికే యోహాను బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. అలాంటిచోట "యేసు నామమున" అంటే "యోహానుది కాదు, యేసుది" అని.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగే ఈ వాదన మాత్రం చాలా కొత్తది. 1913లో కాలిఫోర్నియాలో ఒక పెంతెకొస్తు శిబిరంలో యేసు నామంలోనే ఇవ్వాలన్న మాట లేచింది, మరుసటి ఏడాదికల్లా మళ్లీ బాప్తిస్మాలు మొదలయ్యాయి, 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం వాళ్లు త్రిత్వం వైపు తేల్చి చెప్పడంతో నూట యాభైమందికి పైగా సేవకులు బయటికి వెళ్లిపోయారు.

ఇంకోటి. మన బైబిల్లో మత్తయి దగ్గర "నామములో" అని లేదు, "నామములోనికి" అని ఉంది. ఆ "కి" ఊరికే పడిన అక్షరం కాదు. ఆ కాలపు గ్రీకు లెక్కల పత్రాల్లో ఒకరి ఖాతాకి జమ చేసేటప్పుడు ఇదే మాట వాడేవాళ్లని కొందరు పండితులు చూపించారు. మనం పొలం రిజిస్ట్రేషన్ అయ్యాక "నా పేరు మీదికి మారింది" అంటాం చూశారా, అలాంటిదన్నమాట. మనిషి ఎవరి పేరు మీదికి మారాడో చెప్పడం అది. కొన్నిచోట్ల పాస్టర్లు ఈ మాటల్ని మంత్రంలా గబగబా లాగించేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ఒక్క అక్షరం తప్పినా చెల్లదు / ఏమన్నా పర్లేదు, మనసు ముఖ్యం.

రెండూ తప్పే. 8వ శతాబ్దంలో ఇప్పటి జర్మనీలోని బవేరియాలో లాటిన్ సరిగా రాని ఒక గురువు విభక్తులన్నీ తప్పు పలుకుతూ జ్ఞానస్నానాలు (కతోలికులు బాప్తిస్మాన్ని అలా అంటారు) ఇచ్చేవాడు. అక్కడ సేవ చేస్తున్న బోనిఫేస్ అనే మిషనరీ బిషప్పు అలా పొందినవాళ్లకి మళ్లీ ఇప్పించబోతే, 746లో పోపు జకరయ్య వద్దని ఉత్తరం రాశాడు. వచ్చింది భాష తప్పు, విశ్వాసం తప్పు కాదు అని.

అదే కతోలిక సంఘం 2020లో, "నేను ఇస్తున్నాను"కి బదులు "మేము ఇస్తున్నాము" అంటే చెల్లదని తేల్చింది. డెట్రాయిట్‌లో ఒక ఫాదర్ తన చిన్నప్పటి వీడియో చూసుకుంటే అందులో "మేము" అని వినపడిందట, పాపం ఆయన జ్ఞానస్నానం దగ్గర్నుంచి గురుపట్టాభిషేకం దాకా మళ్లీ అన్నీ తీసుకోవాల్సి వచ్చింది. అరిజోనాలో ఇంకో ఫాదర్ ఏళ్ల తరబడి అలాగే అన్నాడు, ఎన్ని వేలమందో లెక్క తేలక తలలు పట్టుకున్నారు. వాళ్ల ఉద్దేశం, అక్కడ ఇచ్చేది క్రీస్తే, గుంపు కాదు అని. నాకిది మరీ కఠినం అనిపిస్తుంది, కానీ కారణం లేని మాటైతే కాదు. తెలుగులో అయితే "నేను" విడిగా అనకపోయినా క్రియ చివర్లోనే దాక్కుని ఉంటుంది. మర్యాదకి "ఇచ్చుచున్నాము" అనే పెద్దాయన్ని నేనే చూశాను. ఆర్థడాక్స్ వాళ్లు "దేవుని దాసుడు ఫలానా వాడు బాప్తిస్మం పొందుతున్నాడు" అంటారు, అందులో నేనూ లేదు, మేమూ లేదు. దాన్ని కతోలికులు ఒప్పుకుంటారు!

అపోహ: ముంచకపోతే అది బాప్తిస్మమే కాదు.

గ్రీకు మాటకి ముంచడం అనే అర్థం ఉంది, మేం ముంచుతాం. అయితే పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లు, చల్లనివి కుదరకపోతే వేడివి, రెండూ లేకపోతే తలమీద మూడుసార్లు పోయమని పైన చెప్పిన డిడాకేలోనే ఉంది. ముంచడం అక్కర్లేదనే అవతలివాళ్ల అపోహ కూడా చెప్పాలిగా. పెంతెకొస్తునాడు మూడువేలమందిని ఒక్క రోజులో ముంచడం అసాధ్యం అంటారు. మా జిల్లాకి రండి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు సేవకులు, నీళ్లలో ఒకసారికి ఇద్దరే, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగడం, మధ్యాహ్నం ఎండకి విరామం. అంతకుముందు కరువు కాలంలో, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లవ్ దొరగారు, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపి ఉంచారు. ఒక్కసారిగా అంతమంది రావడానికి అదీ ఒక కారణం.

పసిపిల్లల సంగతి ఇక్కడ తేలదు. గుంటూరు వైపు లూథరన్లు ఇస్తారు, నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులం ఇవ్వం, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో రెండు పద్ధతులూ ఉన్నాయి. నీళ్లే రక్షిస్తాయా అంటారా, అపొస్తలుల కార్యములు 10లో రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లోవాళ్ల మీదికి ఆత్మ ముందు దిగాడు, నీళ్లు తర్వాత. అలాగని పేతురు "ఇంక అక్కర్లేదులే" అనలేదు. బాప్తిస్మంతో పేరు మార్చుకోవాలని ఎక్కడా లేదు, అది మన అలవాటు.

ఆ చెల్లెమ్మకి ఫోన్‌లో చెప్పింది ఇదే, చెల్లుతుంది, మళ్లీ అక్కర్లేదు, పిన్నితో పోట్లాడకు అని. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. ఇప్పుడు ఆ మాటలు ముంచుతూ చెప్పట్లేదు. నీళ్లలో నిలబెట్టి, మొహంలోకి చూస్తూ, నిదానంగా మొత్తం చెప్పి, "వినపడిందా అమ్మా?" అని అడిగి, ఆ తర్వాతే ముక్కు మూసుకోమంటున్నాను.